నిన్న ఏం తింటివి

బెళుగుప్ప దగ్గర బస్సు దిగేసరికి పదిన్నర.
సంచిలో నాలుగు స్టీలు కప్పులు, రెండు చెంచాలు,
కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు, ముప్పై ఫారాలు,
పెన్సిలు.
పెన్ను వద్దన్నారు మేడం,
చెప్పేవాళ్లు మాట మార్చినప్పుడల్లా చెరపాలి కదా.

ఇరవై నాలుగు గంటల జ్ఞాపకం:
నా పరిశోధన పద్ధతికి పుస్తకంలో పేరు అదే.
నిన్న పొద్దున లేచినప్పటి నుంచి
ఈ పొద్దున లేచిందాకా
నోట్లోకి పోయిందంతా చెప్పాలి.
కప్పుల్లో చెప్పాలి.

దస్తగిరమ్మ చెనిక్కాయలు ఒలుస్తా ఉంది.
కాయలు సేటువి. కిలోకి ఇంత అని కూలి.
"నిన్న ఏముంది పాపా,
మా ఆయప్ప సంగటి తిని పాయె,
పెద్దోడు ఇస్కూల్లో తినొచ్చె,
చిన్నదానికి జరం, బొరుగులు నానబెట్టి పెడితి,
మేకకి తుమ్మకాయలు..."
రాసుకుంటూ పోతున్న నేను
మేక దగ్గర ఆగాను.
"నువ్వమ్మా? నువ్వేం తింటివి?"

ఒలిచే చెయ్యి ఆగలేదు.
"నేనా," అంది,
పక్క వీధిలో ఎవరి గురించో అడిగినట్టు.

మొన్న ల్యాబులో రాగిపిండిని కాల్చాను,
ఐదువందల యాభై డిగ్రీల కొలిమిలో, ఒక రాత్రంతా.
నూరు గ్రాములకు రెండున్నర గ్రాముల బూడిద.
అదే ఖనిజం, అదే ఎముక, రాసుకోండి అన్నారు.
అనంతపురంలో అంతా సులభంగా కాలుతుంది,
అంతా సులభంగా తూగుతుంది.
ఇక్కడ ఒక మనిషి నిన్నటి నుంచి
తనను తాను తీసేసుకుంది,
దానికి ఏ కొలిమి పెట్టాలి?

మరిచిపోతే పనుల వెంట తవ్వమని నేర్పారు.
నీళ్లకు పోతివి కదా, పోకముందా, వచ్చినాకా?
కాయల మూట దింపుకుంటివి కదా, అప్పుడు?
మెల్లగా దొరికాయి, దొరికినంత.
సట్టికి అంటిన సంగటి, గంటెతో గోకి.
ఊరిబిండి, వేలికి వచ్చినంత.
టీ. మళ్లీ టీ. సాయంత్రం చక్కెర లేని టీ.
వక్కాకు. "అది గూడ రాయల్లా?"
రాయాలి.
"ఒలుస్తా ఒలుస్తా రొన్ని గింజలు..."
అని చప్పున వాకిలి దాకా చూసింది.
"అవి రాయొద్దు. సేటు తూకం చూస్తాడు."

పెన్సిలు గాల్లోనే ఉంది.
ఆమె రోజు మొత్తానికి
మాంసకృత్తులు అనే గడిలో పడేవి
ఆ గింజలే.
"ఎన్ని?" అన్నాను, దొంగలా నేనూ గొంతు తగ్గించి.
గుప్పిట మూసి చూపించింది.
కప్పులో పోయించి కొక్కేనికి తగిలించాను.
ఇరవై ఎనిమిది గ్రాములు.

ఆమె గింజల్ని చూడలేదు. త్రాసును చూసింది.
"ఇది నిజం చెబుతుందా?"
"పొద్దునే సరిచూసుకుని వచ్చాను."
లేచింది. మోకాళ్లు పట్టుకుని, రెండోసారికి లేచింది.
లోపల్నుంచి ఒక గుడ్డమూట తెచ్చింది,
నిన్న సేటు మనిషి తూచి
కిలో అని ముడేసి పెట్టిపోయిన పప్పు.
"దీన్ని తగిలీ."

ముల్లు కిలో దాటింది.
నూరు దాటింది.
నూట ముప్పై దగ్గర వణికి నిలబడింది.
గుడ్డ ఎంత ఉంటుంది అని నేను విప్పి విడిగా తూచాను,
చదివినదాన్ని కదా.
గుడ్డ పోగా నూట పది.

దస్తగిరమ్మ వేలి కణుపుల మీద లెక్క పెట్టింది,
దినానికి మూడు కిలోలు, వారానికి,
ఉగాది నుంచి ఇప్పటికి.
కణుపులు చాలలేదు. మళ్లీ మొదటి వేలికి వచ్చింది.
వాకిట్లో మేక
నా ఫారం ఒకటి నములుతోంది, ఎవరం అదిలించలేదు.

"రాసుకో పాపా," అంది,
"ఆ గింజలు గూడ రాసుకో.
దాంతో కాదు, చెరిగిపోతుంది.
పెన్నుతో రాయి."

నా దగ్గర పెన్ను లేదు.
గూట్లోంచి పెద్దోడిది తెచ్చిచ్చింది,
మూత కొసంతా నమిలి నమిలి
తెల్లబడి ఉంది.